గంజాయి మందుకు ప్రార్థన

ఇరవై ఏళ్ల కిందట, బహ్రెయిన్‌లో అరాద్ వెళ్లే బస్సులో ఒక గోదావరి జిల్లా ఆమె నా పక్కన కూర్చుంది. తెలుగువాళ్ల ప్రార్థన కూటం నుంచి ఏడుస్తూ వచ్చింది. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఆటిజం. తన చేతులు తానే కొరుక్కుంటాడట.

“అమెరికాలో క్యాన్సరోళ్లకి గంజాయి మందిస్తారంట, బాబాయ్‌గారూ. ఈ జబ్బుకీ ఇవ్వాలని ప్రార్థన చెయ్యమన్నాను. అక్కడ ఒప్పుకుంటే రేపు మనకీ వస్తది కదండీ! గంజాయి పేరెత్తితే పాపమని సంఘపెద్ద కసిరాడు. పోయిన వారం ఒకడికి బారులో ఉద్యోగం రావాలనైతే మోకాళ్లేసి ప్రార్థన చేశాడండి! మీరైనా చెయ్యండి.”

సారాకి తెరుచుకునే పరలోకం ఆకుకి మూసుకుందన్నమాట. థూ!

“నాకు ప్రార్థన రాదమ్మా,” అన్నాను.

“పోనీ, ఆ దేవుణ్ణి తిట్టండి. ఎవరో ఒకరు గట్టిగా అడగాలి కదా!”

తిట్టడం నాకు బాగా వచ్చు. ఇంకా మానలేదు.