లాగే తోపడ

శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట. ఫిషింగ్ హార్బర్ పక్కన పడవలు కట్టే షెడ్డులో అన్నాలకి కూర్చున్నాం. ఏడాది గుర్తులేదు. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు.

అప్పటికి నెల కిందట పడవ చెక్క జారిపడి నా కుడిభుజం చెడింది. రంపం ఎలాగో లాగుతున్నాను గానీ తోపడ తోయలేను. చెక్కను నున్నగా చేసే పనిముట్టు అది, రెండు చేతులా ముందుకు తోయాలి. తోస్తే భుజంలో నిప్పులు. తోపడ పట్టనివాడు వడ్రంగి కాదు. మేస్త్రి మొహం మీదే చెప్పేశాడు.

"సోమారం నుంచి గేటుకాడ కూకో. వాచ్‌మేన్ పనుంది."

నా చెల్లెలి మొగుడు పోర్టులో ఇనుపరాయి ఎత్తే కళాసీ. జపాను ఓడవాడు ఇచ్చిన కేలండరు ఆ రోజే షెడ్డుకి పట్టుకొచ్చాడు. అందులో బొమ్మ, పాతకాలం జపాను వడ్రంగి తోపడని తనవైపు లాగుతున్నాడు.

మేస్త్రి నవ్వాడు. "తోసేదాన్ని తోపడంటారు. ఈడు లాగుతన్నాడేటి? గీసినోడికి పని రాదు."

"గీసింది కాదంట మేస్త్రీ," అన్నాడు చెల్లెలి మొగుడు. "ఓడోడు సేతుల్తో సెప్పేడు. సెక్క మీద సెక్కి, రంగు రాసి, కాయితం మీద అద్దేరంట."

"సీరలకద్దినట్టా?" అంది కేరేజీ తెచ్చిన నా ఆవిడ.

నేను కేలండరు మీదకి వంగాను. బొమ్మలో తోపడ నోట్లోంచి చెక్కపొర లేచి మెలిక తిరుగుతోంది. వెంట్రుకంత గీత. ఆ గీత మిగలాలంటే చుట్టూ ఉన్న చెక్కంతా ఉలితో తీసెయ్యాలి. నూకంత జారినా తెగిపోతుంది. ఏళ్ల తరబడి ఉలి పట్టాను, నాకా చెయ్యి లేదు. అంచున ఏదో రాసుంది. అప్పటికి నాకు తెలుగక్షరమే రాదు, జపానుది రాకపోతే నామోషీ ఏముంది? బొమ్మనే చూశాను. వాడి భుజాలు వదులుగా ఉన్నాయి. బరువంతా నడుములో, మడమల్లో. ఇంత ఎరిగి చెక్కినవాడు తోపడ దగ్గర తప్పుతాడా?

చెయ్యి కడుక్కుని తోపడని వెనక్కి తిప్పాను.

"ఏటి సేత్తన్నావ్? అన్నం తినీ," అంది మా ఆవిడ.

"ఉండెహె."

లాగితే బ్లేడు చెక్కలో దిగబడింది.

"టేకు పాడుసేత్తావ్ రా!" మేస్త్రి అరిచాడు.

బ్లేడు మొన తోపడలోకి కాస్త వెనక్కి పోయేలా కొట్టి, మడమలు ఊన్చి వెనక్కి వాలాను. సుయ్యిమంది. పొర లేచి నా మణికట్టుకి చుట్టుకుంది. భుజం నొప్పెట్టలేదు.

మేస్త్రి చెక్క మీద అరచెయ్యి ఆ చివర్నుంచి ఈ చివరకి రాశాడు. మళ్లీ రాశాడు.

"సోమారం పెందలాడే రా."

"గేటుకాడికా?"

"నీ బొంద. పడవకాడికి."

ఆ మధ్యాహ్నం అక్కడున్నది మేస్త్రి, నా చెల్లెలి మొగుడు, నా ఆవిడ, నేను. లాగుతున్న ఆ జపాను వడ్రంగీ, వాణ్ణి చెక్కినవాడూ కూడా ఉన్నారనే నా లెక్క.