వార్డులకు వంతులు పెట్టిన బేరం

జిల్లాలో ఇంకెవ్వరి వల్లా కాని పని ఒకటి నేను చేశాను. అయిదుగురు కలిసి ఆడే కంప్యూటర్ ఆటలో, ఫైనల్‌కు పదిహేను రోజుల ముందు, మా టీంకు ఉన్న ఒకే ఒక్క జత కళ్లను బేరమాడి పీకేశాను. అదీ ఎవరితో గొడవ లేకుండా, అందరి చేతా అవ్ అనిపించి. ముప్ఫై ఏళ్లుగా ఖమ్మంలో స్టీలు సామాన్లు అమ్ముతున్న మా నాయన కూడా ఇంత నున్నగా ఎవర్నీ ఒప్పించి ఉండడు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు, మధ్యలో అడవి. ఎవరి కోట కూలితే వాళ్లు ఓడినట్టు. చచ్చినవాడు కాసేపటికి మళ్లీ లేచి ఆడతాడు. చంపినకొద్దీ బంగారం వస్తుంది. ఆ బంగారంతో ఆటలోనే ఉన్న దుకాణంలో కత్తులు, కవచాలు కొనుక్కోవాలి. ఇందులో కొందరికి మాయమయ్యే విద్య ఉంటుంది. పక్కన నిలబడి ఊపిరి పీల్చినా కనిపించరు. వాళ్లను పట్టాలంటే వార్డు కొని నేలలో పాతాలి. వార్డంటే ఒక కర్ర. దాని చుట్టుపక్కలకు దొంగలా వచ్చినవాడు మనకు కనిపిస్తాడు. కొన్ని నిమిషాలయ్యాక అదే మాయమైపోతుంది. మళ్లీ కొనాలి.

మాయమై తిరిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. భద్రాచలం రోడ్డు మీద అడవిపంది అడ్డం వచ్చినా ఆకుల చప్పుడు చేసి వస్తుంది. దానికున్న మర్యాద కూడా వీళ్లకు ఉండదు. వెనక నుంచి వచ్చి పొడిచి, మళ్లీ మాయమై, నవ్వు బొమ్మ ఒకటి పంపిస్తారు. అది తెలివి అనేవాణ్ని చూస్తే, తక్కెడ కింద చింతపండు అంటించి అదే వ్యాపారం అనేవాడు గుర్తొస్తాడు.

కానీ నిజం చెప్పుకోవాలి. వాళ్లకన్నా వార్డంటేనే నాకు ఎక్కువ చిరాకు. కత్తి కొన్నామంటే, అవసరం తీరాక అమ్మితే సగం ధర వస్తుంది. వార్డు పాతితే పాతినట్టే. పైగా సగం సార్లు అది ఖాళీ నేల చూపిస్తుంది. ఎవడూ రాలేదని తెలుసుకోవడానికి బంగారం పెట్టాలా? తిరిగి అమ్ముడుపోని సరుకు తెస్తే అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా మాట పడే ఇంట్లో పెరిగినవాడికి ఇది ఎట్లా మింగుడుపడుతుంది?

మా టీంలో ఆ కర్రలన్నీ ఒక్కడే కొనేవాడు. ఖమ్మంలో మేం ఆడే నెట్ సెంటర్‌కు ఇల్లందు నుంచి ప్రతి ఆదివారం బస్సులో వచ్చేవాడు. వారమంతా బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర కాంట్రాక్టు పని. చిల్లిగవ్వ మిగలకుండా తన బంగారమంతా వార్డులకే తగలేసేవాడు. ఆట చివర్లో చూస్తే మా అందరి దగ్గరా కత్తులుండేవి, అతని దగ్గర ఆ దుకాణంలోని చవక చెప్పులుండేవి. అయినా శత్రువు ఎక్కడున్నాడో వాడికన్నా ముందు ఇతనికే తెలిసేది. "అన్నా, ఎడమ దిక్కు పోకు, చెట్ల వెనక ఉన్నడు" అనేవాడు. వెళ్లకపోతే బతికేవాణ్ని. బతికితే అది నా ఆటనేర్పు అనుకునేవాణ్ని.

ఒక ఆదివారం అతను ఫోన్ చూపించాడు. హైదరాబాద్‌లో జీతాలిచ్చి ఆడించే టీం ఒకటి మా పాత ఆటలు చూసిందట. ఖమ్మం ఫైనల్‌కు వాళ్ల మనిషి వస్తాడట. నచ్చితే మూడు నెలలు తీసుకుంటారు. ఉండటానికి గది, నెలకింత జీతం.

"కాంటా కాడ ఇంకో ఎండాకాలం నా వల్ల కాదన్నా," అన్నాడు. "లోపలికి పోయేది దుమ్మే, బయటికొచ్చేది దుమ్మే."

అంత పెద్ద అవకాశం కళ్ల ముందు కనిపిస్తే నాలాంటివాడు ఊరుకుంటాడా? బాగుచేయాలనిపించింది.

"నీ దగ్గర ఏముందని చూస్తడు ఆయన?" అన్నాను. "చెప్పులు చూసి తీస్కపోతడా? నాలుగు తలకాయలు లేపాలె. కత్తి ఉండాలె."

"మరి వార్డులు?"

"అందరం వంతులేసుకుంటం. అందరికీ పనికొచ్చే దానికి నువ్వొక్కడివే ఎందుకు పెట్టాలె?"

న్యాయంగా వినిపిస్తోంది కదా? నాకూ అట్లాగే వినిపించింది. అందులో ఒక చిన్న మెలిక పెట్టాను. అతనికి ఈ స్వేచ్ఛ ఇప్పించినందుకు, ఆటలోని అడవిలో జంతువులను చంపితే వచ్చే మొదటి వేటల బంగారం నాకు వదిలేయాలి. అతను తల ఊపాడు. దళారీ తన కమీషన్ తాను తీసుకున్నాడు.

మా కెప్టెన్ మధిర ఆవిడ. అక్కడి స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్తుంది, ఆదివారం రైలెక్కి వస్తుంది. ఆవిడకు ఈ మాట నచ్చలేదు.

"ఇదేమన్నా చీటీ పాటా అండీ, వంతులేసుకోడానికి? వార్డు పెట్టడం ఒక పని. అది అతనికి వచ్చు, మనకి రాదు."

"కర్ర పాతుడు కూడా ఒక విద్యనేనా మేడం?" అన్నాను.

మిగతా ఇద్దరు అన్నదమ్ములు. కమాన్‌బజార్‌లో వాళ్లకు అత్తరు దుకాణం. వాళ్లు పకపకా నవ్వారు. అన్న అన్నాడు, "సహీ బాత్ భాయ్, వాటా అంటే వాటానే." దుకాణాలవాళ్లం ముగ్గురం ఒకటైతే పాఠాలు చెప్పే మనిషి ఏం చేస్తుంది? వంతుల కాగితం రాశాం. కెప్టెన్, అన్న, తమ్ముడు, నేను, చివరికి ఇల్లందు అతను. దాన్ని ఒక మానిటర్‌కు అంటించి, ఫోటో తీసి గ్రూపులో కూడా పెట్టాను.

ఫైనల్ ఒక ఫంక్షన్ హాల్లో. ముందురోజు పెళ్లి పూలు ఇంకా వేదికకు వేలాడుతున్నాయి. మైకు పట్టుకున్న కుర్రాడు ఒకడు ఏం జరిగినా "అద్భుతం" అంటున్నాడు. చచ్చినా అద్భుతమే, చంపినా అద్భుతమే. చూసేవాళ్లలో సగంమంది ఏసీ కోసం వచ్చారు. మూడో వరసలో టోపీ పెట్టుకున్న హైదరాబాద్ మనిషి మిర్చి బజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టి పిండి మాత్రం తింటున్నాడు. ఖమ్మం వచ్చి మిరపకాయ పారేసేవాడికి ఆట ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

అవతల అశ్వారావుపేట టీం. అందులో ఒకడు, పామాయిల్ తోటలున్న ఇంటి పిల్లగాడు, మాయమయ్యే వీరుణ్నే తీసుకున్నాడు. తీసుకోడా మరి. నీడన పెరిగినవాడు.

మొదటి పది నిమిషాలు వంతులు బాగానే నడిచాయి. కెప్టెన్ పాతింది. అన్న పాతాడు, కానీ నడిచేంత దూరం కూడా పోకుండా మా కోట గుమ్మంలోనే పాతి వచ్చాడు. చేయమన్నారు, చేశాడు. తమ్ముడు పాతిన చోట కొండ అడ్డం. అది కొండనే చూపించింది.

తర్వాత నా వంతు. నా కత్తికి ఇంకా నలభై బంగారం తక్కువుంది. వార్డు యాభై.

"వార్డు ఎవరిదండీ?" కెప్టెన్ అడిగింది.

"నాదే. ఒక్క నిమిషం. కత్తి అయినంక."

"మీదే కదా, పెట్టండి."

"తమ్ముడూ, ఈ ఒక్కటి నువ్వు కొను. తర్వాత నీది నేను పెడత."

"నాది అయిపోయింది భాయ్. కాగితం చూస్కో."

ఇల్లందు అతను మెల్లగా అన్నాడు, "నేను కొననా అన్నా? వాడు కుడి దిక్కు నుంచి వస్తడు. నాకు తెలుస్తుంది."

"కొనకు," అన్నాను. "నీ కత్తి చూడాలె ఆయన."

వాడు కుడి వైపు నుంచే వచ్చాడు. ముందు నన్ను పొడిచాడు. నేను లేచేలోపు కెప్టెన్‌ను. మైకు కుర్రాడు అద్భుతం అన్నాడు. మేం ఐదుగురం ఆ గాలిని నరుకుతూ, ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకుంటూ ఉన్నాం. "ఎవరి వంతు?", "నాది కాదు", "చచ్చినోని వంతు ఎట్లొస్తది?" ఇల్లందు అతని చేతిలో మంచి కత్తి ఉంది. కనిపించని మనిషిని దేంతో కొట్టాలో అతనికి అర్థం కాలేదు. అటూ ఇటూ తిప్పాడు. కొత్తగా పెళ్లికి కట్టిన పంచెలాగ ఆ కత్తి అతనికి అడ్డం పడుతూనే ఉంది. ఏడో చావు తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. అరగంటకే కోట కూలింది.

అక్కడితో ఆగి ఉంటే నేను మామూలు తెలివితక్కువవాణ్ని అయ్యేవాణ్ని. ఆగలేదు. హైదరాబాద్ మనిషి బండి దగ్గరికి పోతుంటే వెంటపడ్డాను.

"అన్నా, తప్పు నాది. ఇయ్యాల వాన్ని వార్డులు కొననియ్యలే నేను."

"నేను చూడనీకి వచ్చింది ఆ వార్డులే," అన్నాడు ఆయన. "కత్తి తిప్పెటోళ్లు మాకు పదిమంది ఉన్నరు."

"అయితే ఒక పని చెయ్యండి. మొదటి నెల జీతం వద్దు. ఊరికే చూడండి."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "జీతం అడుగుతలేడంటే ఏదో లోపముందనే అనుకుంటం కదా?"

"పోనీ సగం ఇయ్యండి," అన్నాను. నోరు దానంతట అదే నడిచింది.

వెనక్కి తిరిగితే ఇల్లందు అతను నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు.

"ఎంతకొచ్చిన్నన్నా నేను?" అన్నాడు. "సగానికేనా? ఇంకొంచెం దించితే పోతుంటి కదా."

నవ్వుతూనే అన్నాడు. నా వైపు చూడకుండా బస్టాండ్ వైపు నడిచాడు. ఇల్లందు బస్సు ఎప్పుడుందో నాకు తెలుసు, ఇంకా గంట టైముంది. అయినా పోయి పక్కన కూర్చోలేదు. నేను కూర్చుంటే మళ్లీ ఏదో ఒకటి మాట్లాడేవాణ్ని.

లెక్క ఇది. ఆ ఫైనల్‌లో నా వంతుకు రావాల్సిన వార్డులు మహా అయితే మూడు, ఒక్కోటి యాభై. నూట యాభై బంగారం మిగిల్చాను. ఆట అయిపోగానే అదీ పోయింది, దాంతో బయట టీ కూడా రాదు. కమీషన్‌గా తీసుకున్న వేటలు అంతకన్నా ముందే పోయాయి. కెప్టెన్ ఆదివారాలు రావడం మానేసింది, టీం లేదు. హైదరాబాద్ నుంచి అతనికి ఫోన్ రాలేదు. మూడు నెలలు, గది, జీతం, ఆ తర్వాత ఏమై ఉండేదో అదీ అతని వైపు రాయాలి. అతను ఇంకా కాంటా దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు ఎండాకాలమే. బేరం నాది, మిగిల్చుకున్నది నేను. కట్టింది అతను.