తిట్టడానికి దాచుకున్న భాష

మా అమ్మాయి అండమాన్‌లో, రంగత్‌లోని హిందీ మీడియం బడిలో టీచరు. నేను దాని దగ్గరే ఉంటాను. జుట్టు నెరిశాక నాకు అక్షరాలు నేర్పింది అదే. దాని పాఠానికి కూర్చున్నదాన్ని కనుక మొహమాటం లేకుండా చెబుతాను. మంచి టీచరే, నోరు మాత్రం పెద్దది.

పోయిన ఏడాది దాని నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. మనవాళ్ల పిల్లే, ఇంట్లో తెలుగే. పాఠం మధ్యలో లేచి వెళ్లి కుళాయి దగ్గర కూర్చునేది. లోపలికి రమ్మంటే తన చేతులు తనే రక్కుకునేది. మిగతా పిల్లలు భయపడుతున్నారు, ఇలాగే ఉంటే టీసీ ఇచ్చి పంపేస్తానన్నాడు హెడ్ మాస్టరు. అదే జరిగితే పిల్లని ఇక ఏ బడికీ పంపనని తల్లి ముందే చెప్పేసింది.

ఆ రోజుల్లోనే టీచర్లకు పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షణ పెట్టారు. పిల్లల ప్రవర్తన గురించి, వాళ్ల మనసు బాగోకపోతే ఏం చెయ్యాలన్నదాని గురించి. మా అమ్మాయి ఆ ఊళ్లోనే షాదీపూర్‌లో బంధువుల ఇంట్లో ఉండి వెళ్లొచ్చింది. బస్సు దిగి ఇంటికి రాగానే అడిగాను.

"ఏటే, అన్ని రోజులు కూకోబెట్టి ఏటి సెప్పారు?"

"పిల్లలు మాట వినకపోతే ముందు ఎందుకు వినట్లేదో చూడమన్నారు."

"అది సెప్పించుకోడానికి అంత దూరం బస్సెక్కాలేటి?"

"అమ్మా, థోడా చుప్ రహో. టీ పెట్టు."

తిరిగి వెళ్లాక చెయ్యమని ఒక పని కూడా ఇచ్చారట. పాఠం చెబుతున్నప్పుడు తన గొంతు ఫోనులో రికార్డు చేసుకుని వినాలి, విన్నాక చెరిపెయ్యాలి. ఒక్కతే వినడానికి సిగ్గేసి నన్ను పక్కన కూర్చోమంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నాను.

బెంగాలీ పిల్లాడు పుస్తకం మరిచిపోయి వస్తే "కోయీ బాత్ నహీ, బేటా" అంది. తమిళ పిల్ల లెక్క చేస్తే "శాబాష్" అంది. కాసేపటికి గొంతు మారింది. "ఏమే, నీకు వేరేగా చెప్పాలా? బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?" అది ఆ పిల్లకి. తర్వాత బల్ల జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. పిల్ల కుళాయి దగ్గరికి పోయింది.

"ఇందులో తప్పేటుంది? మన పిల్లని మన బాసలో తిట్టేవు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. నేను చూసిన మన తెలుగువాళ్ల టీచర్లంతా అంతే. క్లాసంతటికీ హిందీ, కోపం వస్తే మన పిల్లలకి తెలుగు. మనవాళ్లన్న చనువు.

అది మళ్లీ మొదటి నుంచి పెట్టింది. "ఆ పిల్లతో తెలుగులో ఒక్క మంచి మాటైనా అన్నానేమో విను." ఇద్దరం విన్నాం. లేదు.

"నాకు అచ్చరాలు నేర్పినప్పుడూ తిట్టేదానివి గదా. నాను లేసి ఎల్లిపోయానా?"

"నువ్వు నన్ను తిరిగి తిట్టేదానివి" అంది.

మర్నాడు ఆ పిల్ల దగ్గర ఆగి, "పొద్దున్న ఏం తిన్నావమ్మా?" అని తెలుగులో అడిగిందట. పిల్లేమో టీచరు తనని బయటికి పంపేస్తుందనుకుని సంచి సర్దుకుంది. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, మా అమ్మాయి అన్నం ముందు ఊరికే కూర్చుంది.

"తిను. రేపు మల్లీ అడుగుదువు" అన్నాను.

అడిగింది. రోజూ అడిగింది. శిక్షణలో చెప్పినట్టే తల్లిని ఒప్పించి, పిల్లని మనసు డాక్టరుకి చూపించడానికి తనూ వెంట వెళ్లింది. పరీక్షల దాకా ఆగమని హెడ్ మాస్టర్ని బతిమాలింది. ఆయన ఆగుతానని అనలేదు, టీసీ రాయనూ లేదు.

కొన్నాళ్లకి పిల్ల నోరు విప్పింది. "రోటీ" అంది.

ఇప్పుడు అదే బడిలో ఐదో తరగతి. అప్పుడప్పుడు ఇంకా కుళాయి దగ్గరికి పోతుంది, పిలిస్తే వస్తుంది. చేతుల మీద కొత్త గీతలు లేవట. మా అమ్మాయి తెలుగులో అడుగుతుంది, ఆ పిల్ల హిందీలోనే చెబుతుంది.