పాసు సారును పంపేసిన ఎండాకాలం

ఆ రోజుల్లో మా జనగామలో సంతకం అడిగితే కాదనే మనిషి దొరికేవాడు కాదు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మంచి ఊపు మీదుంది. చౌరస్తాలో రిలే దీక్షల శిబిరం, అందులో ఒక మూల బల్ల, బల్ల మీద సంతకాల పుస్తకం. కూరగాయలకు వచ్చిన అవ్వ కూడా సంచి కింద పెట్టి, వేలికి సిరా అంటించుకుని, "మనది మనకు రావాలె బిడ్డా" అంటూ ముద్ర వేసి పోయేది. ఊరు ఊరంతా అంత నమ్మకంతో సంతకాలు పెడుతున్న కాలంలో, ఆ నమ్మకాన్ని నా సొంత పనికి వాడుకున్న ఘనుణ్ని నేను. ఇప్పుడు ఈ సంగతి చెబితే వినేవాళ్లు నవ్వుతారు. వాళ్లతోపాటు నేనూ నవ్వుతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఒక జిరాక్స్ సెంటర్‌లో పని. చేతులు మిషన్ దగ్గర, ప్రాణం ఫుట్‌బాల్ దగ్గర. మా ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. సాయంత్రమైతే కాలేజీ గ్రౌండు గట్టు మీద ఓ పాతికమందిమి చేరి, వాళ్లు ఆడేది చూసేవాళ్లం. నేను ఏనాడూ ఆడినవాణ్ని కాదు (చిన్నప్పుడు ఒకసారి తన్నబోతే బంతి ఉన్నచోటే ఉంది, చెప్పు మాత్రం ఎగిరి కంపచెట్ల అవతల పడింది). అయినా ఎవడు ఎక్కడ నిలబడాలో, ఎవడు ఎప్పుడు ఉరకాలో గట్టు మీంచే గొంతు చించుకుని చెప్పేవాణ్ని. అందుకని ఆటగాళ్లు నాకు 'గట్టు కోచ్' అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని తెలియక కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

అసలు కోచ్ పాసు సారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పదకొండేళ్లుగా పైసా తీసుకోకుండా జట్టును ఆడిస్తున్నారు. ఎండకు తెల్లబడిన టోపీ పెట్టుకుని, గ్రౌండు గీత వెంట అటూ ఇటూ ఉరుకుతూ, "పాస్! పాసియ్యిరా!" అని అరవడం తప్ప ఆయన నోట ఇంకో మాట వచ్చేది కాదు. ఎదురుగా గోలు ఖాళీగా కనిపిస్తున్నా పక్కవాడికి ఇమ్మనేవారు. గట్టు మీద మాకు ఒళ్లు మండిపోయేది. బంతి కొట్టడానికుందా, పంచిపెట్టడానికుందా అని నేను నలుగురూ వినేలా అనేవాణ్ని. సారుకు వినబడేది. "ఏం గట్టు కోచ్, గొంతు పోతది, జర నీళ్లు తాగు" అని నవ్వేసి మళ్లీ గీత వెంట ఉరికేవారు.

అప్పట్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకటే జిల్లా. (మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం.) జిల్లా పోటీల్లో మేము ఏటా ఫైనల్ దాకా వెళ్లడం, భూపాలపల్లి బొగ్గుగనుల జట్టు చేతిలో ఓడిపోయి రావడం ఒక ఆచారంగా మారింది. ఆ ఏడు మాత్రం మా దగ్గర గుర్రం ఉన్నాడు. చిల్పూరు నుంచి సైకిల్ మీద వచ్చే కుర్రాడు. వాడు బంతి తీసుకుని ఉరికితే పట్టుకున్నవాడు లేడు గనక ఆ పేరు. ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి చెరో గోలు. కప్పు మాదేనని నేను పక్కవాడి చొక్కా పట్టుకుని ఊపేస్తున్నాను. రెండో సగం మొదలయ్యేసరికి చూస్తే గుర్రం బయట కూర్చుని ఉన్నాడు, మెడ మీద తువ్వాలతో. సారే కూర్చోబెట్టారు. మిగతా ఆటలో వాళ్లు రెండు గోల్స్ కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరం ఎందుకలా చేశారని అడిగాం. నిజానికి అడగలేదు, అరిచాం. సారు కిటికీలోంచి చూస్తూ, "ఆట గదరా. మళ్లొచ్చే ఏడు సూద్దం" అన్నారు, అంతే.

ఆ వేసవిలో ఆటలు లేవు. ఆట లేని రోజుల్లో అభిమాని ఎంత ప్రమాదకరమైన జీవో నన్ను చూసి తెలుసుకోవాలి. కోచ్‌ను మార్చాలని ఒక వినతిపత్రం రాశాను. 'కాలం చెల్లిన పద్ధతులు' అని ఒకచోట, 'యువత ఆకాంక్షలు' అని ఇంకోచోట ఉద్యమం కరపత్రాల్లోంచి మాటలు ఎత్తుకొచ్చి కూర్చాను. ఇంట్లో అక్కకు చదివి వినిపించాను, మెచ్చుకుంటుందని.

"నీకు బంతి తన్నొస్తదారా?" అంది అక్క, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"రాదు."

"మరి గాయినకు ఆడిపిచ్చుడు రాదని నీకెట్ల ఎరుక?"

ఆడవాళ్లకు ఫుట్‌బాల్ తెలియదని తేల్చేసి బయటపడ్డాను.

గట్టు మీదివాళ్లంతా పెడితే ఇరవై అయిదు సంతకాలు. వాటితో ఎవరూ కదలరు. అప్పుడు తోచింది శిబిరం సంగతి. సంతకాల కాగితాలు అట్టకు క్లిప్పు పెట్టి, పైనున్న అసలు విషయం రాసిన కాగితాన్ని గాలికి ఎగురుతోందన్న మిషతో వెనక్కి మడిచి, దీక్షా శిబిరం పక్కనే నిలబడ్డాను. జనం అక్కడ సంతకం పెట్టి, ఇక్కడా పెట్టి పోయారు. "దేనికి?" అని ఎవరైనా అడిగితే, "మన జనగామ కోసమే" అనేవాణ్ని. అబద్ధం కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. రెండు రోజుల్లో రెండు వందలు దాటాయి.

రెండో రోజు టీచర్లంతా శిబిరానికి సంఘీభావం చెప్పడానికి వచ్చారు. వాళ్లలో పాసు సారు కూడా ఉన్నారు. నన్ను చూసి నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"ఏందిరా ఇది, నువ్వు గూడ ఉద్యమంల దిగినవా? సాబాష్. దేనికి సంతకాలు?"

నాలుక అలవాటు కొద్దీ ఆడింది. "మన జనగామ కోసం సారు."

"జనగామ కోసమైతే పెట్టాలె గద. ఏదీ, వంగు."

బల్ల ఖాళీ లేదు. వంగాను. ఆయన అట్టను నా వీపు మీద పెట్టుకుని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, కింద హోదా, దాని కింద తేదీ, పిల్లల కాపీ పుస్తకంలో రాసినట్టు నింపాదిగా రాశారు. ఒక్కో గీతా నా వెన్ను మీద తెలిసింది. అప్పుడైనా లేచి, "వద్దు సారు" అని ఆ కాగితం చింపేసి ఉండాల్సింది. నేను లేచి, "థాంక్స్ సారు" అన్నాను.

కాగితాలన్నీ తీసుకెళ్లి మా జట్టు ప్రెసిడెంటుకు ఇచ్చాను. అతనికి బట్టల దుకాణం ఉంది. దాని మేడ మీద మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. "సారు, ఇగో గిది మీ సంతకమే గదా? మిమ్మల్ని తీసెయ్యమని మీరే పెట్టిండ్రా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. సారు జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, మడత విప్పి, మొదటి కాగితం మొదటిసారిగా చదివారు. 'కాలం చెల్లిన పద్ధతులు' దగ్గర పెదాలు కొద్దిగా కదిలాయి. నేను గోడకున్న క్యాలెండరులో సెలవులు లెక్కపెడుతున్నాను.

"సంతకం నాదే" అన్నారు సారు.

"చదివే పెట్టిండ్రా?"

"నా చేతితోని పెట్టినంక నాదే గద పటేలా." లేచి, జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "బంతుల గదిది. రెండో బంతికి గాలి నిలుస్తలేదు, సూసుకోండ్రి."

మెట్లు దిగేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూసి, ఒక తిట్టు తిట్టినా బాగుండేది. ఆ వేసవి బదిలీల్లోనే అడిగి మానుకోట వెళ్లిపోయారు.

మాకు కొత్త కోచ్ వచ్చాడు. వచ్చింది ఎక్కడినుంచో కాదు, మమ్మల్ని ఏటా ఓడించే భూపాలపల్లి నుంచే. గనిలో పని, ఆదివారాలు మాకు శిక్షణ. ఒక నల్లబోర్డు తెచ్చి గోల్ స్తంభానికి ఆనించి, దాని నిండా సున్నాలూ బాణాలూ గీసేవాడు. మాకు అర్థం కాలేదు గనక చాలా గొప్పగా అనిపించింది. నాలుగైదు ఆదివారాలు బాగానే గడిచాయి. ఆపైన అన్ని పనులూ ఆపేసే సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, రైళ్లు లేవు, గనులూ బందు. కొత్త కోచ్ జిరాక్స్ సెంటర్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, ఈడ నేనే శిబిరంల కూసున్న. ఎట్ల రావాలె? బోర్డు మీద బాణాలు గీసి పెట్టిన గదా, గవాటి లెక్కన ఉరికిపియ్యిండ్రి."

బాణాలు అప్పటికే వానకు కొట్టుకుపోయాయి. ప్రెసిడెంటు నన్ను పిలిపించాడు. "కోచ్‌ను మార్చాలన్నది నువ్వేనాయె. ఆయన వచ్చేదాక నువ్వే సూడు" అన్నాడు. వెటకారమో నిజమో తేల్చుకునేలోపే బంతుల గది తాళంచెవి నా చేతిలో ఉంది.

మొదటి రోజు గీత దగ్గర నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని ఆటగాళ్లు, "ముందుగాల ఒక్క గోలు కొట్టి సూపియ్యన్నా" అన్నారు. వెనక్కి పదడుగులు వేసి, ఉరికొచ్చి తన్నాను. కాలు బంతి మీదుగా పోయింది, నేను వెల్లకిలా పడ్డాను. బంతి మర్యాదగా నా పక్కనే నిలబడింది. గట్టు మీద జనం నవ్విన నవ్వు చౌరస్తాలో శిబిరం దాకా వినిపించిందట. రెండో వారానికి వచ్చేవాళ్లు ఏడుగురయ్యారు. ఆ ఏడుగురిలో ఎవడికి బంతి దొరికితే వాడే గోలు దాకా ఒంటరిగా ఉరుకుతాడు, పోగొట్టుకుంటాడు, పక్కవాణ్ని తిడతాడు. చూసి చూసి ఒకరోజు నాకు తెలియకుండానే గొంతు లేచింది. "పాస్! పాసియ్యిరా!" గ్రౌండంతా ఆగిపోయింది. మా గోల్‌కీపర్ నెమ్మదిగా అన్నాడు: "సారు యాదికొస్తుండా గట్టు కోచ్?"

సమ్మె ముగిసి రైళ్లు కదిలిన వారానికే మానుకోట పోయాను. స్టేషన్‌కు కొంచెం దూరంలో ఒక గ్రౌండు. చుట్టుపక్కల తండాల కుర్రాళ్లను ఆడిస్తున్నారు సారు. వాళ్ల ఇంటి భాషలో నాలుగు మాటలు నేర్చుకున్నట్టున్నారు, ఆయన పలికే తీరుకు వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నన్ను చూసి టోపీ తీశారు. "అరె, ఎప్పుడొచ్చినవ్? తిన్నవా?"

ఆ మాటతో నేను రైల్లో కూడబలుక్కున్నదంతా పోయింది. నిలబడ్డచోటే, మడిచిన కాగితం సంగతి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను.

"మీటింగుల సదివినప్పుడే ఎరుకైంది" అన్నారు.

"మరి చెప్పొద్దా సారు? నేనే మోసం చేసిన్నని?"

"చెప్తే నిన్ను మళ్లా గట్టు మీద కూసోనిస్తురా?"

ఏదో ఒకటి అనాలని, "ఆ దినం గుర్రాన్ని బయట కూసోబెట్టకుంటే గింత జరగకపోవు సారు" అన్నాను. ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నారు.

"వాని మోకాలు ఉబ్బింది. ఇంకో ఇరువై దినాలకు కానిస్టేబుల్ పరుగుండె. గా ఇంట్ల మొదటి సర్కారు నౌకరి. కాలు సంగతి ఎవ్వలికి చెప్పకుండ్రి సారు, తీసేస్తరు అని ఏడ్చిండు. చెప్పలే. ఇగ నౌకరొచ్చింది గనుక చెప్తున్న."

"నాకన్న చెప్పాలె గద సారు."

"నువ్వు అడిగినవా? తిట్టినవు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న గట్టు దిగొచ్చి, సారూ గిట్లెందుకు చేసిండ్రు అని అడిగినవా?"

కోపంగా అనలేదు. అదే నాకు తట్టుకోవడం కష్టమైంది. తిరిగి రమ్మని అడిగాను. ప్రెసిడెంటు కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తానన్నాను. సారు గ్రౌండు వైపు చూశారు. "ఈ పోరగాళ్లు ఇప్పుడిప్పుడే ఒకనికొకడు పాసిస్తున్నరు. నన్ను ఇడిసిపెట్టుడు మీకు అల్కగయింది. నాకు వీళ్లను ఇడిసిపెట్టుడు గంత సులువు గాదు" అని, నా భుజం తట్టి, గీత వెంట ఉరుక్కుంటూ వెళ్లిపోయారు.

తర్వాతి పోటీల్లో మానుకోట జట్టు మొదటి ఆటలోనే మమ్మల్ని ఓడించింది. వాళ్ల రెండో గోలు నాకిప్పటికీ కళ్ల ముందు ఉంది. బంతి ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి, వాడి నుంచి మరొకడికి, ఎక్కడా ఆగకుండా, ఎవరి సొంతమూ కాకుండా పోయి వలలో పడింది. జనగామవాళ్ల మధ్య కూర్చున్న నేను లేచి చప్పట్లు కొట్టాను. మావాళ్లు నన్ను ఎందుకు కొట్టలేదో ఇప్పటికీ తెలియదు. సారు అవతలి గీత దగ్గర ఉన్నారు. ఆట అయ్యాక వెళ్లి పలకరిద్దామనుకున్నాను. చుట్టూ ఆయన కుర్రాళ్లున్నారు. తర్వాత పలకరిద్దాంలే అనుకున్నాను.

ఆ తర్వాత అనేది రాలేదు. రాష్ట్రం వచ్చింది. చౌరస్తాలో అందరితో కలిసి నేనూ ఎగిరాను. ఇంకొన్నాళ్లకు జనగామ, మానుకోట, భూపాలపల్లి వేటికవి జిల్లాలయ్యాయి. మంచిదే. కానీ మా మూడు ఊళ్లూ కలిసి ఆడే ఆ పోటీలు ఇక లేవు. మా జట్టూ చెదిరిపోయింది. సారు రిటైరయ్యారని విన్నాను. ఫోన్ నంబరు సంపాదించాను కూడా. చేద్దామని తీయడం, ఏమని మొదలుపెట్టాలో తెలియక పెట్టేయడం.

అప్పుడప్పుడు మధ్యాహ్నం ఎండలో చౌరస్తా దాటుతుంటే ఇరవై రెండేళ్ల ఆ కుర్రవాడు కనిపిస్తాడు. చంకలో అట్ట, చెవి వెనక పెన్ను, ముఖం నిండా చెమట, జనగామ భవిష్యత్తంతా తానే మోస్తున్నట్టు ఆ నడక. ఒకప్పుడు వాణ్ని తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పుడు నవ్వొస్తుంది. చేయి పట్టుకుని ఆపి, ఇంత నీడలో కూర్చోబెట్టి, చాయ్ చెప్పి, "జర ఆగురా, ఒక్కసారి పోయి సారునే అడిగిరాపో" అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. నాకు తెలుసు కదా వాడి సంగతి.