నా కూతురు తానే వడ్డించుకున్న రోజు

మొన్న ఆదివారం మా అమ్మాయి తన నాలుగేళ్ళ పాపను వెంటబెట్టుకుని తిరువళ్ళూరు నుంచి మా తిరుత్తణి ఇంటికి వచ్చి, భోజనం కాగానే వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని సెల్‌ఫోన్‌లో ఏదో తెగ వెతకసాగింది. అల్లుడు కంపెనీ పని మీద ఆరు నెలలు పూణేలో ఉన్నాడు కాబట్టి, సెలవుల్లో పాపను తానొక్కతే థీమ్‌పార్కుకు తీసుకుపోవాలట. అక్కడి హోటళ్ళలో కారం లేనిది ఎక్కడ దొరుకుతుంది, పిల్లలు కూర్చునే ఎత్తు కుర్చీ ఎక్కడుంటుంది, ఎన్నింటికి వెళ్తే రద్దీ తక్కువ, అన్నీ ఆ ఫోన్‌లోనే చూస్తోంది. చూసి చూసి తలెత్తి, "నాయనా, పన్నెండుంపావుకు టేబుల్ బుక్ చేస్తే సరిపోతాదా? అంతలోపల పాప నిద్రపోతాదేమో?" అని నన్నడిగింది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట సరిగ్గా ఇదే లెక్క నేనూ వేశాను, అదీ దీని కోసమే. అప్పుడు ఇది ఈ మనవరాలంతే ఉండేది. ఆ సంగతి దీనికి గుర్తులేదు, నేనెప్పుడూ పూర్తిగా చెప్పనూ లేదు. ఇది చదివింది తమిళ బడిలో. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ రెండు వాక్యాలు చదవమంటే తడుముకుంటుంది. తిరుత్తణి పక్కనున్న మా ఊరు కే.జీ.కండిగలో నాతోపాటు తెలుగు పలక పట్టిన నా ఈడు వాళ్ళెవరైనా చదువుతారేమో అన్న ఆశతో రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను తిరువళ్ళూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాణ్ణి. మా వైపు వాడుక ప్రకారం మా అక్క కూతురినే పెళ్ళి చేసుకున్నాను. పెళ్ళయిన నాలుగో ఏట, పాపకు రెండేళ్ళు నిండీ నిండకముందే, ఆమె విషజ్వరంతో వారం రోజుల్లో వెళ్ళిపోయింది. నాకు భార్య, మా అక్కకు ఒక్కగానొక్క కూతురు. ఆ దెబ్బకు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయేవాళ్ళం. అక్క తిరుత్తణి కొండ కింద పూలు కట్టి యాత్రికులకు అమ్మేది. ఏడాదిన్నర పాటు పాపను తనే సాకింది. ఆ తర్వాత ఎల్.కె.జి.లో వేయాలన్న నెపంతో నేను తిరువళ్ళూరుకు తెచ్చుకున్నాను. నెపం అని ఎందుకంటున్నానంటే, బడి తిరుత్తణిలోనూ ఉంది. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి తాళం తీస్తే లోపల ఎవరూ లేని ఆ ఇల్లు నేను భరించలేకపోయాను, అదీ అసలు సంగతి.

తెచ్చుకున్నాను గానీ బిడ్డ నా చేత అన్నం తినేది కాదు. కలిపి ముద్ద పెడితే నోరు బిగించుకునేది. కాకిని చూపించి, రైలును చూపించి, పక్కింటి మేకపిల్లను చూపించి నాలుగు ముద్దలు పెట్టేసరికి నాకు చెమటలు పట్టేవి. మూడు నెలల్లో పాప చేతులు పుల్లల్లా అయ్యాయి. ఒక ఆదివారం అక్క వచ్చి దాని గౌను ఎత్తి పక్కటెముకలు చూసింది. అరిచి ఉంటే బాగుండేది, అరవలేదు.

"రే తమ్ముడా, ఒక బిడ్డను పోగొట్టుకొనిండాను, ఇంకొక దాన్ని పోగొట్టుకోలేను. ఎండాకాలం సెలవులైపోతానే దీన్ని ఎత్తుకపోతాను. ఇంక అడగొద్దు" అనింది.

నేను బతిమాలాను. ఆఖరుకు అక్క, "సరే. ఒక్క దినం, నువ్వొకడివే, ఎవురి సాయమూ లేకుండా దీనికి మూడు పూట్లా కడుపు నిండా పెట్టి చూపీ. అప్పుడు మాట్లాడదాం" అనింది.

సరిగ్గా ఆ వారమే ఫ్యాక్టరీలో కార్మికుల కుటుంబాలకని చెన్నై పోయే రోడ్డు మీద కొత్తగా వెలసిన థీమ్‌పార్కుకు పాసులు ఇచ్చారు. ఒక పగలంతా బిడ్డతో నేనొక్కణ్ణే గడపాల్సిన చోటు అదేననిపించింది. ఇంట్లో తినని బిడ్డ కొత్త చోట తింటుందా అన్న ఆలోచన రాకపోలేదు, కానీ ఆ పాసు చేతిలో పడగానే నాకేదో ధైర్యం వచ్చింది.

మిషను మీద పనిచేసేవాడికి ప్లాను లేనిదే చేయి ఆడదు. తెల్ల కాగితం మీద గీతలు కొట్టి ఆ రోజుకు భోజనాల పట్టిక వేశాను. ఎనిమిదిన్నరకు నువ్వులపొడి, నూనె పూసిన ఇడ్లీలు రెండు, పదిన్నరకు అరటిపండు, జనం రాకముందే పదకొండు ముప్పావుకు పెరుగన్నం, ఒంటిగంట నుంచి నా భుజం మీద నిద్ర, మూడింటికి పాలు, బిస్కెట్లు, రాత్రికి ఇంట్లో పాలన్నం. పెరుగన్నం ఎండలో పులిసిపోకుండా ఎలా కలపాలో మా క్యాంటీన్ వంటమనిషిని అడిగి తెలుసుకున్నాను. అన్నం వేడిగా ఉన్నప్పుడే పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క స్పూను మాత్రమే వేయాలని, మధ్యాహ్నానికి అదే తోడుకుంటుందని ఆయన చెప్పాడు. నాకది పెద్ద విద్యలా తోచింది. అందులో దానిమ్మ గింజలు కూడా వేశాను, ఎర్రగా కనిపిస్తే తింటుందేమోనని.

రెండు ఇడ్లీల్లో ఒకటిన్నర బస్సులోనే తిన్నది. పట్టిక చూసుకుని మురిసిపోయాను. ఆ మురిపెం పార్కు గేటు దాకానే. గేటు దగ్గరి మనిషి నా సంచీ విప్పి డబ్బాలు ఒక్కొక్కటే బయటపెట్టి, "వెళి సాపాడు ఉళ్ళ విడమాట్టోం సార్" అన్నాడు. బయటి తిండి లోపలికి రానివ్వరట. చిన్నబిడ్డ, కొత్తచోట తినదు అని తమిళంలో ఎంత చెప్పినా, పాలసీసా ఒక్కటి మాత్రం వదిలి మిగతా సంచీ తీసుకుని అరలో పెట్టి చీటీ ఇచ్చాడు. ఒకసారి లోపలికి పోయాక మళ్ళీ బయటికొచ్చి తిరిగి పోవడానికి వీల్లేదట. అతన్నీ తప్పుపట్టలేను, అతనికి చెప్పిన పని అతను చేశాడు. కానీ ఆ చీటీ పట్టుకుని నిలబడితే, దాన్ని చూపి అక్క నా బిడ్డను తీసుకుపోతున్నట్టే అనిపించింది.

పాపకు ఇవేవీ పట్టలేదు. రంగురంగుల గుర్రాల మీద తిరిగింది, నీళ్ళు చిమ్మే ఏనుగు ముందు నోరు తెరుచుకుని నిలబడింది. పదకొండున్నర దాటేసరికి నడవలేక నా చొక్కా పట్టుకుని వేలాడసాగింది. ఇక తప్పదని దాన్ని ఎత్తుకుని అక్కడున్న పెద్ద హోటల్లోకి అడుగుపెట్టాను.

అడుగుపెట్టి అలాగే ఆగిపోయాను. నేనంతకు ముందు చూసిన హోటళ్ళంటే తిరువళ్ళూరు బస్టాండు ఎదుట నాలుగు బల్లలు, అరటాకులు, నీళ్ళ బకెట్టు. ఇది మా ఫ్యాక్టరీ షెడ్డు కన్నా పెద్దది. పైకప్పు బోర్లించిన పడవలా వంగి ఉంది. ఒక వైపు గోడ మొత్తం అద్దం, ఆ అద్దం వెనక రెండు తాటిచెట్ల ఎత్తు నుంచి నీళ్ళు దూకుతున్నాయి. ఆ నీళ్ళలోంచి మనుషుల్ని కూర్చోబెట్టుకున్న పడవ ఒకటి జర్రున జారి కిందపడగానే అల లేచి ఫెళ్ళున అద్దాన్ని కొట్టింది. నేను పాపను పొదివి పట్టుకుని పక్కకు తిరిగాను. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కే పని నాది. అంత అద్దాన్ని ఏ చట్రంలో ఎలా బిగించారా అని నేను మూలలు వెతుకుతుంటే, పాప నా చెవిలో నెమ్మదిగా అడిగింది.

"నాయనా, వాన మనల్ని చూస్తా ఉండాదా?"

ఔనన్నాను.

మధ్యలో పొడవాటి బల్లల మీద మూతలు పెట్టిన పెద్దపెద్ద గిన్నెలు, ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకుంటున్నారు. సగం వంటకాల పేర్లు కూడా నాకు తెలియవు. తెలిసిన అన్నం, పెరుగు ఒక పళ్ళెంలో, మా మాటలో తట్టలో, వేసుకొచ్చి, కలిపి, ముద్ద చేసి పాప నోటి దగ్గర పెట్టాను. నోరు బిగించింది. అద్దాన్ని చూపించాను. ముఖం తిప్పుకుంది. పడవ వస్తోంది చూడమన్నాను. పడవను చూసింది గానీ నోరు తెరవలేదు. ఆ ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, అంత జనం మధ్యలో, ముప్పై ఏళ్ళు దాటిన మగవాణ్ణి, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోలోపల అనుకున్నది పైకే అన్నట్టున్నాను: "నీకేం కావాలో చెప్పు తల్లీ, నాకు తెలీలేదు."

బల్లలు తుడుస్తున్న ఒక ఆడమనిషి తెలుగు విని దగ్గరికి వచ్చింది. తల మీద కాగితపు టోపీ, చేతిలో గుడ్డ.

"అన్నా, మీది యా ఊరు?"

"కే.జీ.కండిగ మా."

"నాది తిరుత్తణే అన్నా. అప్పుడ్నించి చూస్తా ఉండా. ఆ బిడ్డ అన్నం వద్దనడంలే, నీ చెయ్యి వద్దంటా ఉండాది. అదో, ఆ పక్క ఎత్తు తక్కువ బల్ల చూడు, పిలకాయల కోసరమే పెట్టిండేది. చిన్న తట్ట దాని చేతికియ్యి. నువ్వు ఊరికే ఎనకాల నిలబడు."

"కింద పోసుకుంటాదే మా."

"పోసుకోనీలే అన్నా. తుడిచేదానికి నేనుండానే!"

నా చెయ్యి వద్దంటోందన్న మాట గుచ్చుకుంది. అయినా కిందికి దింపి, చిన్న తట్ట పాప చేతికిచ్చాను. ఆ బల్ల దాని గడ్డం ఎత్తున ఉంది. పాప మొదట తట్టను గుండెకు ఆనించుకుని, ఏమీ ముట్టకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుచుకుంటూ ప్రతి గిన్నెనూ చూసుకుంటూ పోయింది. సంతలో తూకం సరిచూసుకునే రైతులా మళ్ళీ వెనక్కి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టింది. తెల్లన్నం ఒక గరిటె, పెరుగు ఒక గరిటె, రెండు కీరకాయ ముక్కలు, ఒక అప్పళం. లడ్డు తీసుకుని, ఆలోచించి, మళ్ళీ పెట్టేసింది. నాలుక కొన బయటపెట్టి, రెండు చేతులతో తట్ట పట్టుకుని, అడుగులో అడుగేస్తూ బల్ల దాకా నడిచి వచ్చింది. నేను దాని వెనకే వంగి, రెండు చేతులూ చాపి, ముట్టకుండా నడిచాను. ఒక్క మెతుకు కిందపడలేదు.

కుర్చీ ఎక్కి కూర్చుని, అప్పళాన్ని అన్నం మీద పెట్టి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కింది. అది కరకరమని విరిగి ముక్కలైంది. అప్పుడు కలుపుకుని తిన్నది.

అప్పళాన్ని అలా అరచేత్తో నొక్కి తినేది దాని తల్లి. మా ఇళ్ళలో ఇంకెవరూ అలా తినరు. అమ్మ పోయేనాటికి దీనికి రెండేళ్ళు. అమ్మ ముఖం గుర్తుందా అంటే లేదనే చెప్పేది. నేను నేర్పలేదు, అక్క నేర్పలేదు. మరి ఆ చేయి ఎక్కడి నుంచి వచ్చింది? అద్దం వెనక అంత నీరు దూకుతూనే ఉంది, నేను మాత్రం ఆ చిన్న అరచేతినే చూస్తూ కూర్చుండిపోయాను. నేనే సాకుతున్నాను, నా చేతిలో పెరుగుతోంది అనుకున్న బిడ్డలో నాకు తెలియని లోకం ఇంత ఉందా అనిపించింది. అది తినడానికి ముప్పావుగంట పట్టింది. ఖాళీ తట్ట పట్టుకుని లేచి, "నువ్వు రావొద్దు. నేనే తెచ్చుకుంటా" అని రెండోసారి కూడా వెళ్ళింది. టోపీ ఆవిడ దూరం నుంచి నన్ను చూసి నవ్వింది. పేరు అడగాలన్న తెలివి కూడా నాకా పూట లేకపోయింది.

ఆ తర్వాతి ఆదివారం తిరుత్తణి పోయాం. అక్క అప్పటికే పాప బట్టలకని పెట్టెలో చోటు చేసి ఉంచింది. మధ్యాహ్నం అన్నం కలిపి ముద్ద చాపితే, పాప, "అవ్వా, తట్ట నాకియ్యి" అనింది. అక్క చేయి గాలిలో ఆగిపోయింది. నా వైపు చూసింది. ఇయ్యమని తల ఊపాను. పాప తట్ట ముందు పెట్టుకుని, అప్పళం అడిగి ఇప్పించుకుని, అరచేత్తో నొక్కింది.

అక్క లేచి పెరట్లోకి పోయింది. ఎంతకూ రాకపోతే వెళ్ళి చూశాను. కట్టీ కట్టని పూలమాల ఒడిలో పెట్టుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆడ ఏం పెట్టినావురా దానికి?"

"నేనేం పెట్టలేదక్కా. అదే పెట్టుకొనింది."

అక్క ముక్కు చీది, కళ్ళు తుడుచుకుని అనింది. "తోడుకోని పో. ఆదివారం ఆదివారం మాత్రం తీసకరా. నేను కూడా చూడల్ల కదా."

అలా నా బిడ్డ నాతోనే పెరిగింది. ఆదివారాలు తప్పలేదు. అక్క ఉన్నంతకాలం ఆ బిడ్డ ఎదుట కూర్చుని, ముద్ద పెట్టకుండా, అది తింటుంటే చూసేది. ఇప్పుడు అక్కా లేదు. మొన్న మా అమ్మాయికి మాత్రం, టైము ఎంతైనా ఫరవాలేదు, తట్ట పాప చేతికియ్యమని చెప్పాను.

కాలం చాలా మారిపోయింది. అప్పట్లో బిడ్డను ఎత్తుకుని ఒంటరిగా బస్సెక్కిన మగవాడు కనబడితే ఎవరో ఒకరు అడక్క మానేవారు కాదు, తల్లి యాడ అని. ఆ మాట వింటే నాకు ప్రాణం పోయినట్టుండేది. కానీ అడిగినవాళ్ళే జరిగి చోటిచ్చేవారు, బిడ్డను ఒడిలోకి తీసుకునేవారు, దిగేదాకా నా చేతులకు విశ్రాంతి దొరికేది. ఈ మధ్య రైల్లో చెన్నై నుంచి వస్తుంటే ఒక కుర్రతండ్రి ఏడ్చే బిడ్డతో నా ఎదుట కూర్చున్నాడు. పాలసీసా, సంచీ, ఫోను, అన్నీ ఎంతో నేర్పుగా సంబాళించుకుంటున్నాడు. పెట్టెలో ఒక్కరూ అతన్ని ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఇప్పటి మర్యాద, అది మంచిదే. అయినా నా చేతులు వాటంతటవే కొంచెం ముందుకు చాచుకున్నాయి. ఏమనుకుంటాడోనని మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. అతను అరక్కోణంలో దిగిపోయేదాకా ఆ బిడ్డ అతని భుజం మీంచి నన్నే చూస్తూ ఉంది.