ఆగిపోయిన మెయిల్, వానలో లైన్‌మేన్

రెండు వేలు దాటిన తొలి ఏళ్ళలో హుకుంపేటలో ఒక కాఫీ రైతుల సంఘం ఆఫీసులో పనిచేసేదాన్ని. ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్ మా దగ్గర ఉండేది. అది నడుస్తున్నంతసేపూ ఫోన్ పనిచేసేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ ఉంది.

కొండ మీది ఊళ్ళకి ఉత్తరాలు సంత రోజునే చేరేవి. పోస్టుమేన్ సంతకి తెచ్చి, ఆ ఊరివాళ్ళు ఎవరు కనబడితే వాళ్ళ చేతికిచ్చేవాడు. ఒక కాఫీ రైతు కూతురికి నర్సింగ్ సీటు వచ్చిన ఉత్తరం అలాగే, చివరి రోజున అందింది. సర్టిఫికెట్లు సాయంత్రం ఐదులోగా మెయిల్లోనైనా పంపకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తండ్రీ కూతుళ్ళు వానలో తడుస్తూ నా దగ్గరికి వచ్చేసరికి మూడున్నర.

స్కాన్ చేసి పంపాను. సగం దాకా వెళ్ళి ఆగింది. ఇంకోసారి పంపినా అంతే. నాలుగైంది. వానపడితే మా లైను ఎప్పుడూ ఇంతే అనుకుని ఒళ్ళు మండిపోయింది. ఇంటర్నెట్ ఆపి, టెలిఫోన్ లైన్‌మేన్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఈ పిల్ల సీటు పోతే ఆ ఉసురు నీకే తగులుతుంది" అని కూడా అన్నాను. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. "ఇప్పుడే ఎలతన్నానమ్మా" అని వానలోనే బయల్దేరాడు.

ఐదుకి ఇరవై నిమిషాలుంది. మళ్ళీ ఇంటర్నెట్ కలిపి చూస్తున్నాను. తండ్రి గుమ్మంలో నిలబడి తుండుగుడ్డ పిండిందే పిండుతున్నాడు. నా వెనక నుంచి ఆ పిల్ల భయంభయంగా అడిగింది.

"మేడమ్, ఒచ్చే మెయిల్లు ఒత్తన్నాయి కదా, పోయేవే ఎందుకు పోవు?"

"నువ్వూరుకో" అని కసిరాను. కసిరాక చూస్తే నిజమే, వచ్చేవన్నీ వస్తూనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజే నేను సీడీ పెట్టి కొత్త యాంటీవైరస్ ఎక్కించాను. పోయే ప్రతి మెయిల్నీ అది ఆపి తనిఖీ చేస్తోంది. అంత పెద్ద స్కాన్లు అది చూసి వదిలేలోపు అవతలి సర్వర్ తెంచేసుకుంటోంది. సెట్టింగులు వెతికి, పోయే మెయిళ్ళ తనిఖీ ఒక్కటీ తీసేశాను. ఐదుకి నాలుగు నిమిషాలుండగా మెయిల్ వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇంటర్నెట్ ఆపగానే ఫోన్ మోగింది. లైన్‌మేన్.

"ఇప్పుడు సూడండమ్మా. మలుపు కాడ స్తంభమెక్కి వైరు బిగించీసేను. ఎల్లిందా?"

"వెళ్ళింది" అన్నాను.

ఆయన తిరిగొచ్చేసరికి మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. రైతు ఆయన రెండు చేతులూ పట్టుకుని, కూతురి వైపు చూస్తూ, "మా గుంటకి సీటు నిలబెట్టేవు బాబూ" అన్నాడు. లైన్‌మేన్ ముఖం వెలిగిపోయింది. నిజం చెప్పాలనుకున్నాను. తిట్టడానికి అంత బాగా లేచిన నోరు అప్పుడు లేవలేదు.

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల ఒక్కతే వెనక్కి వచ్చింది. "లైను ముందునుంచీ బాగానే ఉన్నాది కదా మేడమ్?" అని మెల్లగా అడిగింది.

"బస్సు పోతుంది, వెళ్ళు" అన్నాను.

రిటైరయ్యేదాకా ఆ లైన్‌మేన్ మా ఆఫీసుకి ఎప్పుడొచ్చినా, ఆ వానలో తాను ఒక గుంటకి సీటు ఎలా నిలబెట్టాడో కొత్తవాళ్ళకి చెప్పేవాడు. చెప్పి, సాక్ష్యం కోసం నా వైపు చూసేవాడు. ప్రతిసారీ నేను అవునన్నాను.