లేడని ఎవరు చెప్పారు?

ఎండుమిరపకాయలు వేగే ఘాటుకు ఇప్పటికీ కళ్ళకంటే ముందు నా గుండె ఝల్లుమంటుంది. కిటికీ తెరిచి నిలబడతాను. బాష్పవాయువు కమ్మిన యూనివర్సిటీ రోడ్డు, ఆ తెల్లటి పొగలో చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచే శారదా మేడం, అన్నీ కలలోలా నెమ్మదిగా కదులుతాయి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. నేను మేడం దగ్గర పరిశోధన చేసేదాన్ని. తర్కసూత్రాలతో రాసే కంప్యూటర్ భాషకు ఒక మొండితనం ఉండేది. దేన్ని రుజువు చేయలేకపోతే దాన్ని అబద్ధమని తేల్చేసేది. ఇదో అదో ఒకటి నిజం, ఏదన్నది మాత్రం తెలియదు అంటే దాని తలకెక్కేది కాదు. ఆ భాషకు నిజమైన ‘కాదు’నూ, ఈ ‘ఇదో అదో’నూ నేర్పడమే మా పని. మేడం బోర్డు మీద నిజాలు ఒక పక్క, అబద్ధాలు ఒక పక్క రాసి, తెలియనివాటికి నడుమ చోటు వదిలేవారు. రుజువు లేకుండా అక్కడినుంచి దేన్నీ జరపనిచ్చేవారు కాదు. ఆవిడది కోస్తా. “మేడం ఎన్నడన్న జై తెలంగాణ అన్నదా? అనలే. అంటె మనకు వ్యతిరేకమే” అనేవాళ్ళు హాస్టల్లో.

పోలీసులు క్యాంపస్‌లోకి వచ్చిన మధ్యాహ్నం, అక్కడే డిగ్రీ చదివే మా తమ్ముడు నరేష్ కనబడకుండా పోయాడు. ఫోన్ కలవలేదు. తిరిగి తిరిగి వచ్చి మేడం గదిలో కూలబడ్డాను.

“హాస్టల్ల లేడు, ఠాణాల లేడు, దవాఖానల లేడు మేడం. ఇగ నా తమ్ముడు లేడు.”

“కనబడలేదు అను. లేడని ఎవరు చెప్పారు నీకు?” అని కసిరారు. “వాడికి తెలిసినవాళ్ళు ఎవరున్నారు?”

“లాలాగూడల ఒక దోస్తు. కాచిగూడల మా మేనమామ.”

“రెండుచోట్లా చూడందే ఏడవకు. పద.”

ఆటోలు లేవు. షట్టర్లు దించిన తార్నాక మీదుగా నడిచాం. దారి పొడుగునా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. లాలాగూడ రైల్వే క్వార్టర్సులో నరేష్ తలకు గుడ్డ కట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. వాణ్ణి పట్టుకుని ఏడ్చాను, తిట్టాను, మళ్ళీ ఏడ్చాను.

“అక్కా, గింత పొగల మేడం సుత వచ్చిందా?” అన్నాడు వాడు, గుమ్మం వైపు చూస్తూ. మేడం అక్కడ కళ్ళు కడుక్కుంటున్నారు. దోస్తు వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది.

రాష్ట్రం వచ్చింది. మేడం రిటైరై వెళ్ళిపోయారు. ఆవిడ ఎటువైపని పాత స్నేహితులు ఇంకా అడుగుతుంటారు. తెలియదంటాను.

“గన్నేండ్లు పక్కనుండి తెల్వదా?”

నిజంగానే తెలియదు. పోయాడని నేను తేల్చేసుకున్న తమ్ముణ్ణి ఆవిడ పోనివ్వలేదు. అది తెలుసు.